సెలవు లేని దీవులు

విమానం మబ్బుల పొర దిగి పక్కకు వాలగానే కిటికీ నిండా నీలం పరుచుకుంది. ఎన్ని నీలాలు! నడిసంద్రంలో పండిన నేరేడు తొక్కలాంటి చిక్కటి నీలం. కాస్త ఇవతల, ఎండలో నెమలి మెడ తిప్పినప్పుడు తళుక్కుమనే నీలం. ఇంకా ఇవతల, విప్పుకోని లేత అరటాకు సుడిలో దాగి ఉండే పసరు ఆకుపచ్చ. తీరాన్ని తాకే చోట రంగులన్నీ వదిలేసి గాజులా మిగిలిన తేటనీరు. ఆ నీలాల పళ్ళెంలో ఎవరో పేరంటానికి పరిచినట్టుగా ముదురాకుపచ్చ తమలపాకులు, ఒకదానికొకటి తగలకుండా, ఒద్దికగా. ఒక్కో ఆకు అంచున సన్నగా, తెల్లగా, వేలితో రాసిన సున్నం గీత. అవే అండమాన్ దీవులు. ఆ తెల్లటి గీతే ఇసుక తీరం. సున్నం అన్న పోలిక ఆ క్షణంలో నాకు అందం కోసమే తోచింది. అది అక్షరాలా నిజమని నాలుగో రోజుకు గానీ తెలియలేదు.

మేం నలుగురం. విశాఖపట్నంలో ఒకే కాలేజీ, ఒకే బెంచీ, నలభై ఏళ్ళ స్నేహం. ఒకతె జీవితమంతా పిల్లలకు బోటనీ చెప్పి కిందటేడు రిటైరైంది. ఒకతె బ్యాంకు లెక్కల్లోంచి వారం రోజులు బయటపడి వచ్చింది. ఇంకొకతె మాలో అందరికంటే ముందు అమ్మమ్మ అయింది కాబట్టి మాకూ ఆమె పేరు 'అమ్మమ్మే'. మాఘమాసం ముగిసే రోజులు, శివరాత్రికి ఇంకా మూడు రోజులుంది. "పండగపూట ఇల్లు వదిలి వస్తున్నానే, జాగారం మాత్రం ఎక్కడున్నా మానను" అని అమ్మమ్మ బయల్దేరే ముందే షరతు పెట్టింది.

మేం దీవులనుకుని దిగినవి నిజానికి కొండల శిఖరాలు. మయన్మార్‌లోని అరకాన్ యోమా కొండల వరుస దక్షిణంగా సాగి సాగి, సముద్రంలో నిలువునా మునిగి, మళ్ళీ అక్కడక్కడా తల పైకెత్తి ఆకాశాన్ని చూసిన చోటల్లా ఒక దీవి. అండమాన్, నికోబార్ కలిపితే దీవులు, దిబ్బలు, రాళ్ళతో లెక్క 800 దాటుతుంది. మనుషులు కాపురముండేవి వాటిలో నలభై కూడా లేవు. మిగిలినవన్నీ చెట్లవి, పక్షులవి, పీతలవి, అలలవి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చుకున్న పోర్ట్ బ్లెయిర్‌లో కాలు పెట్టగానే మాకు పరాయితనం అనిపించలేదు. చేపల బజారులో బెంగాలీ, తమిళం, హిందీ మాటల మధ్య "ఏటమ్మా, ఏటి కావాల?" అని శ్రీకాకుళం యాస చల్లగా తగిలింది. తరాల కిందట మన ఉత్తరాంధ్ర తీరం నుంచి వలలు భుజానేసుకుని వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ ఎన్నో.

నీళ్ళలో నిలబడిన అడవి

రెండో రోజు ఇంకా చీకటి విడకముందే జిర్కాటాంగ్ గేటు దగ్గర వాహనాలు వరుస కట్టాయి. అక్కణ్ణుంచి బారాటాంగ్ దారి జారవాల అడవిలోంచి పోతుంది. వేల ఏళ్ళుగా ఆ అడవినే ఇల్లు చేసుకున్న మనుషుల ముంగిలి అది. ఎక్కడా ఆగకూడదు, ఫొటో తీయకూడదు. కెమెరాలు సంచుల్లో దాచి, గొంతులు తగ్గించి, ఒకరి వాకిట్లోంచి తలవంచుకుని నడిచినట్టు సాగిపోయాం. కిటికీకి ఇరువైపులా చెట్లు ఆకాశాన్ని మూసేశాయి. కొన్ని మాన్ల మొదట్లో వేర్లు నేలలోకి దిగకుండా పలకల్లా, రథచక్రపు ఆకుల్లా నిలువెత్తున బయటికి పొడుచుకొచ్చి, ఆ మహాకాయాన్ని నాలుగు దిక్కులా ఆనుకుని మోస్తున్నాయి. "అదిగోనే పడౌక్! మన శేషాచలం ఎర్రచందనానికి తోబుట్టువు" అని బోటనీ మేడం కిటికీ అద్దానికి నుదురు ఆనించింది. ఎర్రటి చేవ, అదే ప్రజాతి. ఎండిన కొండ మీద పుట్టిన అక్క పొట్టిగా, గట్టిగా మిగిలిపోతే, వానలో తడుస్తూ పెరిగిన చెల్లెలు మబ్బులను అందుకుంది.

జలసంధి దాటి నీలాంబూర్ రేవులో చిన్న పడవ ఎక్కాం. మొదట వెడల్పాటి ఆకుపచ్చ నీరు, ఆపైన ఉన్నట్టుండి ఒక పాయలోకి మలుపు. ఆ మలుపుతో లోకం మారిపోయింది. రెండు వైపుల నుంచీ మడచెట్లు వంగి కొమ్మలు పెనవేసుకుని ఆకుల గుమ్మటం కట్టాయి. ఎండ ఆ గుమ్మటాన్ని వడకట్టుకుని, పచ్చటి నాణేలుగా రాలి, నీటి మీద వణుకుతోంది. పడవవాడు ఇంజను తగ్గించాడు. ఎక్కడో ఒక నీటిబొట్టు జారిన చప్పుడు. ఎక్కడో ఒక లకుముకి పిట్ట నీలి గీతలా దూసుకుపోయిన జాడ. కోరింగ మడ అడవులు చూసిన కళ్ళే మావి. అయినా ఇంత దగ్గరగా, ఇంత నిశ్శబ్దంగా ఆ వేర్ల మధ్యకు ఎన్నడూ పోలేదు. కాండంలోంచి పుట్టి, విల్లులా వంగి, బురదలో కాలూనిన వేర్లు వందలు, వేలు. చెట్లన్నీ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలో నిలబడ్డ ఆడవాళ్ళలా ఉన్నాయి. 

ఒక కొమ్మ మా తలల మీదికి వంగింది. దాని కొసన ములక్కాడ లాంటి ఆకుపచ్చని కాడ నిలువుగా వేలాడుతోంది. చూడటానికి కాయే. బోటనీ మేడం మాత్రం దాన్ని ముట్టుకోకుండా, పసిబిడ్డను చూపించినట్టు చూపించింది. ఉప్పుపొన్న చెట్టు తన గింజను నేలకు వదలదు. ఉప్పునీళ్ళలో, ఊపిరాడని బురదలో గింజ మొలకెత్తడం కష్టమని, తన కొమ్మ మీదే మొలకెత్తించి, తన పాలతోనే మూరెడు పెంచి, అప్పుడు వదులుతుంది. ఆటు సమయంలో రాలితే తల్లి పాదాల దగ్గరే బురదలో గుచ్చుకుని నిలుస్తుంది. పోటు మీద రాలితే తేలుతూ, రోజుల తరబడి, వారాల తరబడి అలల మీద ఊరేగి, ఏ తీరానో బురద తగిలిన చోట వేరు దింపుతుంది. అక్కడ దాని వేర్ల మధ్య మట్టి పేరుకుంటుంది. మట్టిలో పీతలు చేరతాయి, పీతల కోసం కొంగలు వాలతాయి, చూస్తూ చూస్తూండగా సముద్రం కాస్త వెనక్కి జరిగి నేలకు చోటిస్తుంది. అండమాన్, నికోబార్‌లలో ఇలాంటి మడ అడవి 600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. మా పడవ పక్కన ఒక వేరు మీదికి బొటనవేలంత చేప ఒకటి నీళ్ళలోంచి ఎగిరి వచ్చి కూచుంది. రెక్కలను ముంజేతుల్లా ఆనించుకుని, నెత్తిన గుడ్లు మిటకరిస్తూ, ఒళ్ళంతా తడి మెరుస్తూ, మమ్మల్ని తేరిపార చూసి, బురద మీద చెంగుచెంగున గెంతుతూ పోయింది. నీటికీ నేలకూ నడుమ గడప మీద కాపురం దానిది.

పడవ దిగి అడవి దారిన కిలోమీటరు పైగా నడిస్తే సున్నపురాతి గుహలు. బొర్రా గుహల విశాలం వీటికి లేదు. ఇవి ఇరుకు, చల్లన, తడి. టార్చి వెలుగు పడ్డ చోటల్లా కప్పు నుంచి తెల్లటి ఊడలు, మీగడ మడతలు, కరిగి ఆగిపోయిన కొవ్వొత్తి ధారలు. ఒక ఊడ చివర నీటిబొట్టు ఒకటి వేలాడుతోంది. వాననీరు రాతి పగుళ్ళలోంచి ఊరుతూ సున్నాన్ని కరిగించుకుని వచ్చి, ఇక్కడ వేలాడి, రాలేముందు ఆ సున్నంలో కంటికి కనిపించని పిసరును ఊడ కొసకు అంటించి పోతుంది. నిమిషం పైగా చూశాం. బొట్టు నిండింది, వణికింది, టార్చి వెలుగునంతా తనలో పట్టుకుని వెలిగింది, రాలింది. దాని చోట మరో బొట్టు ఊరడం మొదలైంది. ఇదంతా ఏ రాయి అనుకున్నారు? ఒకప్పుడు సముద్రంలో బతికిన లెక్కలేనన్ని జీవుల గుల్లలు, పగడాలు అడుగున పేరుకుని, బిగిసి, పైకి లేచిన రాయి. మేం నిలబడ్డది కొండ కడుపులో. తడిమింది సముద్రపు జ్ఞాపకాన్ని.

ఏడో నంబరు తీరం

హేవ్‌లాక్ దీవికి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అని పేరు. అక్కడి రాధానగర్ తీరాన్ని ఊరివాళ్ళు ఇప్పటికీ ఏడో నంబరు బీచ్ అనే అంటారు. 2004లో టైమ్ పత్రిక దీన్ని ఆసియాలోనే మేలైన తీరమంది. ఆ మాట మేం అక్కడికి చేరగానే మరిచిపోయాం. ముందు చెట్లు. ఎత్తయిన, నల్లటి, నిటారు మాన్లు ఇసుక అంచు దాకా వచ్చి ఆగాయి. వీటిని సముద్రపు మహువా అంటారు. మన ఇప్ప, పొగడ, సపోటా చెట్ల కుటుంబమే. ఆ చీకటి నీడలోంచి ఒక్క అడుగు బయటపెడితే, కళ్ళు మూతపడేంత తెలుపు. పిండి జల్లెడ పట్టినట్టున్న ఇసుక వంపు తిరుగుతూ రెండు కొండల మధ్య ఉయ్యాలలా వేలాడుతోంది. పాదం పెడితే కర్పూరం మీద అడుగేసినట్టు కిర్రుమంది.

నీరు ఆటు మీద ఉంది. తడి ఇసుక అద్దంలా మెరుస్తోంది. బ్యాంకు స్నేహితురాలు ఉన్నట్టుండి ఆగి, "ఎవరే ఇంత పెద్ద ముగ్గు వేసింది?" అంది. నిజమే, ముగ్గే. ఆవగింజలంత ఇసుక ఉండలు వేలకు వేలు, ఒక్కో చిన్న కన్నం చుట్టూ కిరణాల్లా, చామంతి రేకుల్లా, బాణసంచా విచ్చుకున్నట్టు వరుసలు తీరి, తీరం పొడవునా పరుచుకున్నాయి. ఒంగి, ఊపిరి బిగబట్టి కూచుంటే కాసేపటికి కళాకారుడు బయటికొచ్చాడు. శనగగింజంత పీత. ఒళ్ళు ఇసుక రంగే. ముందు కాళ్ళతో ఇసుకను చకచకా నోట్లో పెట్టుకుని, అందులోని కంటికానని ఆహారాన్ని జుర్రుకుని, మిగిలిన ఇసుకను ఉండ చుట్టి వెనక్కి నెట్టి, ఒక అడుగు జరిగి, మళ్ళీ. కన్నం నుంచి సూటిగా ఒక గీత వెంట పోవడం, తిరిగి రావడం, పక్క గీత మొదలుపెట్టడం. ఆకలి తీర్చుకునే పనే ఇంత అందమైన ముగ్గుగా మిగలాలని ఎవరు నిర్ణయించారో! రెండు మూడు గంటల్లో పోటు వస్తుంది, ముగ్గంతా తుడిచిపెట్టేస్తుంది. రేపు మళ్ళీ ఆటు వస్తుంది, మళ్ళీ ముగ్గు. మా అమ్మలు రోజూ తెల్లవారగానే వాకిలి కడిగి వేసిన ముగ్గులు గుర్తొచ్చి నలుగురం చాలాసేపు మాట్లాడలేదు.

అక్కడే అమ్మమ్మకు ఒక గుల్ల దొరికింది. నిమ్మకాయంత, గుండ్రంగా మెలితిరిగి, పైన గోధుమరంగు చారలు, నోటి దగ్గర ముత్యపు వెండి. లోపల ఎవరూ లేరు. మనవరాలికని చెంగున ముడివేసుకుంది. "వద్దే, ఇక్కడ ఖాళీ గుల్ల అంటే ఎవరో ఒకరి ఇల్లు" అని బోటనీ మేడం అంది. అమ్మమ్మ నవ్వి ఊరుకుంది.

ఇదే తీరంలో ఒకప్పుడు రాజన్ అనే ఏనుగు ఈదేది. అడవిలో దుంగలు లాగడానికి తెచ్చిన ఏనుగుల్లో ఒకటది. అలాంటి ఏనుగులు దీవి నుంచి దీవికి సముద్రం ఈదుతూ పోయేవి. నీళ్ళ కింద నాలుగు కాళ్ళూ మెల్లగా ఆడిస్తూ, తొండాన్ని పైకెత్తి ఊపిరి తీస్తూ, మబ్బు ఒకటి సముద్రంలో దిగి నడిచినట్టు ఉండేదట. ముసలితనంలో రాజన్‌కు దుంగల పని తప్పి, ఈ నీళ్ళూ ఈ చెట్లనీడా మిగిలాయి. 2016లో కన్నుమూసింది.

ఐదున్నర దాటేసరికే సూర్యుడు దిగిపోయాడు. వైజాగ్‌లో ఇంకా ఎండ ఉండే వేళ అది. తూర్పున ఇంత దూరం వచ్చినా గడియారం మాత్రం మన దేశానిదే కావడంతో ఇక్కడ పొద్దు తొందరగా పొడుస్తుంది, తొందరగా కుంగుతుంది. ముందు ఆకాశం పసుపు రాసుకుంది, తరవాత కుంకుమ, తరవాత దానిమ్మగింజల ఎరుపు. ఆ ఎరుపంతా తడి ఇసుకలోకి దిగి, పీతల ముగ్గు మీదుగా, మా పాదాల దాకా పారింది.

నీళ్ళ కింది వసంతం

మర్నాడు పడవ మీద ఎలిఫెంట్ బీచ్. స్నార్కెల్ ముసుగు తగిలించుకుని, గొట్టం పళ్ళ మధ్య పట్టుకుని, నీళ్ళలోకి ముఖం వంచాను. పైన ఎండ, కేకలు, ఇంజన్ల మోత. ముఖం మునిగిన మరుక్షణం అన్నీ ఆగిపోయాయి. వినిపించేది నా ఊపిరి, దాని వెనక ఎక్కడో పేలాలు వేగుతున్నట్టు చిటపటలు. కింద వసంతం. దుప్పి కొమ్ముల్లా చీలిన పగడాలు, మెదడు మడతల్లాంటి బండలు, గొడుగుల్లా అంతస్తులుగా పరుచుకున్న పళ్ళేలు. లేత వంకాయ రంగు, గంధం రంగు, ఆవపువ్వు పసుపు, పాచి ఆకుపచ్చ. వాటి మధ్య చేపలు గాలికి రేగిన పూలరేకుల్లా ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా మళ్ళి, ఒక్కసారిగా మాయమయ్యాయి.

పగడం రాయి కాదు, మొక్క కాదు. జొన్నగింజంత జీవులు, మెత్తని వేళ్ళున్న చిన్నచిన్న నోళ్ళు, వేలాదిగా పక్కపక్కన కాపురాలు పెట్టి, సముద్రంలోని సున్నాన్ని తీసుకుని తమ చుట్టూ గోడ కట్టుకుంటాయి. వాటి ఒంట్లో ఇంకా చిన్న నాచుకణాలు అద్దెకుంటాయి. ఎండను అన్నంగా వండి ఇంటివాళ్ళకు పెట్టేవీ, ఈ రంగుల్లో ఎన్నింటినో అద్దేవీ ఆ నాచులే. ఆ స్నేహం ఎంత సున్నితమంటే, సముద్రం ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే చాలు, విడిపోతారు. పగడం తెల్లబోతుంది. 1998లో, 2010లో, 2016లో ఈ దీవులు ఆ తెలుపును చూశాయి. నా కింద ఒక పక్క బూడిదరంగు కొమ్మలు విరిగి పడి ఉన్నాయి. ఆ శిథిలం మీదే గోరంత లేత ఊదారంగు పగడం ఒకటి, అప్పుడే పెట్టిన బొట్టులా, మొదలైంది.

ఎనిమోన్ అనే సముద్రజీవి ఒకటి చామంతి తోటలా వేళ్ళు ఆడిస్తోంది. ఆ వేళ్ళు తగిలితే చిన్న చేపలకు చావే. దాని నడుమ నారింజ ఒంటికి తెల్లటి పట్టీలు కట్టిన క్లౌన్ చేప, తల్లి కొంగులో చుట్టుకున్న పిల్లలా, ఒళ్ళంతా రుద్దుకుంటూ తిరుగుతోంది. దాని ఒంటి జిగురే దానికి రక్ష. నా ముఖం దగ్గరికి రాగానే బెత్తెడు కూడా లేని ఆ చేప బయటికొచ్చి, నన్ను ఎదిరించి, గుమ్మం కాసి, మళ్ళీ లోపలికి పోయింది.

అప్పుడు వినిపించింది, కరకరమని. చిలుక చేప. ఒళ్ళంతా పచ్చ, నీలం, బుగ్గల మీద గులాబీ గీతలు, ముందుకు పొడుచుకొచ్చిన చిలుక ముక్కు. పగడపు బండను అప్పడంలా కొరుకుతోంది. దాని మీద పాకిన నాచు దానికి కావాలి. సున్నాన్ని గొంతులోని పళ్ళతో పిండి చేసి మింగుతుంది. నేను చూస్తుండగానే కాస్త ముందుకు ఈది, వెనక నుంచి తెల్లటి పొగలాంటిది వదిలింది. ఆ పొగ ఎండలో మెరుస్తూ, చాలా నెమ్మదిగా, అడుగుకు దిగింది. ఇసుక! తల పైకెత్తి తీరం వైపు చూశాను. ఆ తెల్లటి వంపు, విమానంలోంచి చూసిన ఆ సున్నం గీత, నిన్న నా పాదాల కింద కిర్రుమన్నది, ఇదేనన్నమాట. పగడాలు కట్టిన సున్నం, గుల్లలు విరిగిన సున్నం, చేపలు నూరిన సున్నం. పెద్ద చిలుక చేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక పోస్తుంది. సెలవుకు వచ్చింది మేం. ఈ దీవికి మాత్రం ఒక్క రోజూ సెలవు లేదు. సృష్టి ఎప్పుడో ముగిసిన పని అనుకుంటాం; అది నా ముఖానికి రెండడుగుల దూరంలో, ఒక చేప కడుపులోంచి, జరుగుతూ ఉంది.

జాగారం

ఆ రాత్రి శివరాత్రి. కృష్ణపక్షపు చతుర్దశి, చంద్రుడు తెల్లవారబోయే దాకా రాడు. భోజనం మానేసి నలుగురం ఊరి దీపాలకు దూరంగా తీరానికి నడిచాం. మాకు తోడుగా పడవవాడు వచ్చాడు. అతని తండ్రి పుట్టింది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లెలోనట. పడవవాడు పుట్టింది మాత్రం ఇక్కడే. ఆకాశం ఎంత కిక్కిరిసిపోయిందంటే, తెలిసిన చుక్కలు కూడా గుంపులో తప్పిపోయాయి. సముద్రం నల్లగా, నూనెలా, చప్పుడు లేకుండా ఉంది.

"నీళ్ళలో సెయ్యెట్టండమ్మా" అన్నాడు.

చెయ్యి పెట్టాను. వేళ్ళ చుట్టూ నిప్పు రాజుకుంది. చల్లటి, నీలి నిప్పు. చెయ్యి కదిపితే వెలుగు, ఆపితే చీకటి. వేళ్ళ సందుల్లోంచి రవ్వలు జారి, ఒక్క క్షణం బతికి, ఆరిపోయాయి. అమ్మమ్మ మోకాళ్ళ లోతుకు నడిచింది. ఆమె అడుగు పడ్డ చోటల్లా నీలి వలయం విచ్చుకుంది. ఒక చేప బెదిరి పారిపోతే నీళ్ళలో ఒక గీత మెరుపులా సాగింది. దూరంగా ఒక అల విరిగింది, దాని నురగ అంచు పొడవునా ఎవరో దీపాల వరుస వెలిగించి ఊదేసినట్టయింది. ఒక్క కణమే ఒళ్ళుగా ఉన్న జీవులు, చెంచాడు నీళ్ళలో వందలు. కదలిక తగలగానే వాటిలో రెండు పదార్థాలు కలిసి, పదో వంతు సెకను పాటు, వేడి లేని వెలుగు పుడుతుంది. తమను తినబోయేదాన్ని ఆ వెలుగు ఉలికిపాటుకు గురిచేస్తుందంటారు. ఇంత చిన్న ప్రాణానికి తన భయాన్ని దీపంగా వెలిగించుకునే వరం ఇచ్చిన చేయి ఎవరిదో!

అమ్మమ్మ ఒడ్డున కూచుని తడి ఇసుకను రెండు చేతులతో పోగు చేసింది. సైకత లింగం. జానెడు ఎత్తు. దోసిలితో సముద్రాన్ని ఎత్తి, కళ్ళు మూసుకుని, దాని మీద పోసింది. నీలి వెలుగు శిఖరం మీద పగిలి, పాయలు పాయలుగా జారి, పానవట్టం చుట్టూ తిరిగి, ఇసుకలో ఇంకిపోయింది. మళ్ళీ దోసిలి. మళ్ళీ వెలుగు. ఎవరమూ ఫొటో తీయలేదు. ఒకరి తరవాత ఒకరం నలుగురం, మా వెనక ఆ పడవవాడు, చుక్కలున్న ఆకాశం కింద చుక్కలున్న నీళ్ళతో అభిషేకం చేశాం. పగడాలు కట్టి, చేపలు నూరి, అలలు మోసిన ఇసుక లింగమైంది. కంటికానని ప్రాణాలు దీపాలయ్యాయి. మా చేతులు మధ్యలో వచ్చి పోయాయంతే.

తెల్లవారుజామున పడవవాడు ఈశాన్యం వైపు చూపించాడు. అక్కడ, మా కంటికందని దూరంలో, బారెన్ దీవి ఉంది. దక్షిణాసియాలో ఇప్పటికీ సజీవంగా ఉన్న అగ్నిపర్వతం అదొక్కటే. 1787లో అది నిప్పు కక్కడాన్ని నావికులు రాసిపెట్టారు. కొన్ని దశాబ్దాలకు చల్లారి, ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి, 1991లో మళ్ళీ లేచింది. అక్కడ నేల బొగ్గులాంటి నలుపట. ఒక దీవిని చేప నూరిన తెలుపుతోనూ, మరో దీవిని భూగర్భం చిమ్మిన నలుపుతోనూ గీసింది ఒకే చేయి. ఆ చేతికి కోపమూ ఉంది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి ఉత్తర అండమాన్ తీరాల్లో పగడాలు నీళ్ళలోంచి పైకి లేచి ఎండిపోయాయి. దక్షిణాన నికోబార్ చివర ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కిందికి కుంగింది. ఆ ఉప్పెన మోసుకుపోయిన మనుషులను తలుచుకుని అమ్మమ్మ సముద్రానికి రెండు చేతులూ ఎత్తి నమస్కరించింది. తూర్పున నెలవంక, గోటి అంచంత సన్నగా, అప్పుడే లేచింది.

ఇల్లు మారిన వేళ

చివరి మజిలీ నీల్ దీవి, ఇప్పటి షహీద్ ద్వీప్. తీరాలకు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అని పేర్లు. రామాయణం సగం ఈ చిన్న దీవి ఒడ్డునే కాపురముంది. మధ్యాహ్నం ఆటు బాగా లాగినప్పుడు లక్ష్మణ్‌పూర్ రాళ్ళ మీదుగా నడిచి, సముద్రం తొలిచిన రాతి వంతెన కిందికి చేరాం. పాత పగడపు రాయి, ఒళ్ళంతా తూట్లు, నెత్తిన పచ్చటి పొదలు, కాళ్ళ దగ్గర అద్దాల్లాంటి మడుగులు. ఒక్కో మడుగులో ఒక చిన్న సముద్రం బందీగా ఉండి, పోటు కోసం ఎదురుచూస్తోంది.

తిరిగొస్తుంటే చెట్ల నీడలో, ఎండుటాకుల మధ్య ఏదో నీలంగా కదిలింది. పువ్వనుకున్నాం. నీళ్ళ సీసా మూత. మూత నడుస్తోంది! అమ్మమ్మ మోకాళ్ళ మీద కూచుంది. మూత కింద సన్యాసి పీత. ఇటుకరంగు కాళ్ళు, పొడవాటి కాడల చివర నల్లటి కళ్ళు, ఎడమ డెక్క కాస్త పెద్దది. సన్యాసి పీతకు ముందు సగమే కవచం. వెనక సగం మెత్తని, గులాబీరంగు, వంపు తిరిగిన నగ్నమైన ఒళ్ళు. ఆ ఒంటిని దాచుకోవడానికి చనిపోయిన నత్తల గుల్లలు వెతుక్కుంటుంది. పెరిగిన కొద్దీ ఇల్లు మారుస్తుంది. మంచి గుల్ల దొరికితే పీతలన్నీ పెద్దా చిన్నా వరుసలో నిలబడి, ఒకటి ఖాళీ చేసిన దాంట్లోకి మరొకటి, చకచకా మారిపోతాయి. దీనికి గుల్ల దొరకలేదు. సగం ఒళ్ళు బయటే ఉంది.

అమ్మమ్మ ఏమీ అనలేదు. చెంగు ముడి విప్పింది. ఆ నిమ్మకాయంత గుల్లను, నోరు పీత వైపు తిప్పి, జానెడు దూరంలో పెట్టింది. మేం వెనక్కి జరిగి కూచున్నాం.

చాలాసేపు ఏమీ జరగలేదు. తరవాత రెండు కళ్ళు లేచాయి. పీత వచ్చి గుల్లను తడిమింది. పొడవాటి మీసాలతో అంచు చుట్టూ, మెలిక వెంట, పెళ్ళివారు ఇల్లు చూసినట్టు. డెక్క లోపలికి పెట్టి లోతు కొలిచింది. పట్టి దొర్లించింది, బరువు చూసింది. ఆగింది. మూత మళ్ళీ కాస్త ముందుకు వంగింది. ఆపైన, రెప్ప వేసేలోపు, ఆ గులాబీరంగు నగ్నత్వం ఒక్కసారి ఎండలో మెరిసి, గుల్లలోకి జారిపోయింది. గుల్ల కదిలింది. గోధుమ చారలు లేచి నిలబడ్డాయి. ముత్యపు గుమ్మంలోంచి ఇటుకరంగు కాళ్ళు బయటికొచ్చి, నేల తడిమి, నడిచాయి. ఆకుల మీదుగా, వేరు దాటి, చెట్టు మొదట్లోని చీకట్లోకి. ఆ చప్పుడు చాలా చిన్నది. ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ నేల మీద నీలం మూత ఒక్కటే మిగిలింది. అమ్మమ్మ దాన్ని తీసి, ఇసుక దులిపి, చెంగున ముడివేసుకుంది.

వైజాగ్‌లో విమానం దిగేసరికి మనవరాలు ఎదురొచ్చింది. "అమ్మమ్మా, నాకేం తెచ్చావ్?" అని అరచేయి చాపింది. అమ్మమ్మ ముడి విప్పి, ఆ చిట్టి చేతిలో మూత పెట్టింది. పిల్ల అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఒకరి ఇల్లు తల్లీ" అంది అమ్మమ్మ. "వాళ్ళు నీ గుల్లలోకి మారారు."